మనసుకు తగ్గ సెంటు పట్టికల్లో దొరకదు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే పత్రికల అనుబంధాల్లోనూ సెంట్ల దుకాణాల్లోనూ ఒకే రకం పట్టిక కనిపిస్తుంది. చిరాకుగా ఉంటే లావెండర్, నీరసంగా ఉంటే నిమ్మ, ప్రేమకు గులాబి, దిగులుకు వెనిలా. మందుల చీటీ రాసినట్టు రాస్తారు. దాన్ని నమ్మి రెండు మూడు వేలు పోసి సీసా కొన్నవాళ్లు వారం తిరక్కుండానే దాన్ని బీరువాలో వెనక్కి నెట్టేస్తున్నారు. తప్పు సీసాలో లేదు, కొన్నవాళ్ల ముక్కులోనూ లేదు. ఆ పట్టికలో ఉంది. అత్తర్లు కలిపి అమ్మే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ విషయం మీ పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

వాసనకూ మనసుకూ దగ్గరి బంధం ఉన్న మాట నిజం. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది ముందుగా మెదడులో థాలమస్ అనే కూడలి దాటి పోవాలి. వాసన కబురు ఆ కూడలి దాకా పోకుండానే భయం, సంతోషం లాంటి భావాలను చూసుకునే అమిగ్డాలాకు, జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్ పరిసరాలకు చేరిపోతుంది. మనిషి ముక్కులో పనిచేసే వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వాటి గుట్టు విప్పినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే ఒక వాసన తగిలినప్పుడు అదేమిటో పేరు తట్టకముందే గుండెల్లో ఏదో కదులుతుంది. అయితే అది సంతోషం వైపు కదులుతుందా, గుబులు వైపా అన్నది పూర్తిగా పుట్టుకతో వచ్చింది కాదు. ఆ వాసన మొదటిసారి ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ సందర్భంలో తగిలిందో చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. పట్టికలు రాసేవాళ్లు వదిలేసేది ఈ సంగతినే.

వింటర్‌గ్రీన్ తైలాన్నే తీసుకోండి, మన మందుల కొట్లలో గంధపూర తైలం అంటారు. అమెరికాలో అది మిఠాయిల వాసన, కాబట్టి అక్కడివాళ్లకు ముద్దొస్తుంది. బ్రిటన్‌లో పెద్దతరానికి అది నొప్పులకు రాసుకునే మందు వాసన, అక్కడ ముఖం చిట్లిస్తారు. మన దగ్గర బామ్ వాసనంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చే మాట అమృతాంజనం. (1893లో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. తెలుగు పత్రికకు రాసే ఉత్తరంలో ఆ మాట చెప్పుకోకుండా ఉండలేం.) తలనొప్పి వచ్చినప్పుడు నుదుట బామ్ రాసిన చెయ్యి అమ్మదో నాయనమ్మదో అయితే, ఆ ఘాటు వాసనే ఆ మనిషికి ఊరట. ఏ పట్టికలోనూ అది 'ప్రశాంతత' కింద కనిపించదు.

కర్పూరం హారతి పళ్లెం చుట్టూ పెరిగినవాళ్లకు కళ్లు మూయించే వాసన. ముస్లిం కుటుంబాల్లో అంతిమ స్నానం నీళ్లలో కర్పూరం కలుపుతారు కాబట్టి, అక్కడ అదే వాసన ఇంట్లోంచి ఒక మనిషి వెళ్లిపోయిన రోజును గుర్తుచేయవచ్చు. లావెండర్ మన ఊళ్లలో పండదు. చాలామందికి అది మొదట పరిచయమైంది బాత్రూముల్లో వేలాడదీసే బిళ్లల ద్వారానో, గది ఫ్రెష్‌నర్ ద్వారానో. నిమ్మ అంటే గిన్నెలు తోమే సబ్బు, పైన్ అంటే ఆసుపత్రి వరండాలో ఫినాయిల్. ఇలాంటి ముక్కుకు లావెండర్ రాసి ప్రశాంతంగా ఉండమంటే ఎలా ఉంటుంది? అదే పసిబిడ్డకు తలంటి పోశాక వేసే సాంబ్రాణి పొగలో పెరిగినవాళ్లకు, సాంబ్రాణి ఛాయలున్న సెంటు పదేళ్ల వయసు భారం దించేస్తుంది.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందే ఇంట్లో ఒక పని చేయాలి. ఒక కాగితం మీద మీకు బాగా తెలిసిన వాసనలు పది రాయండి. వానపడ్డ మట్టి, మరువం, దవనం, మొగలి పొత్తి, కొత్త పుస్తకం, కాచిన నెయ్యి, పొగాకు ఆరబెట్టే బ్యారన్, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన అది ఏ చోటును, ఏ మనిషిని గుర్తుచేస్తుందో రెండు మూడు మాటల్లో రాయండి. ఇష్టమా కాదా అని రాయొద్దు. ఇష్టమైన వాసన కూడా ఏడిపించేదై ఉండవచ్చు. ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్తే అమ్మేవాడికీ సులువు. 'మంచి సెంటు చూపించండి' అన్నవాళ్లకు ఖరీదైనది చూపిస్తారు. 'తడి మట్టి, మరువం లాంటిది, తీపి వద్దు' అన్నవాళ్లకు కావలసింది చూపిస్తారు.

దుకాణంలో ఒక్కసారికి మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే ముక్కు పనిచేయదు. కాగితపు పట్టీ మీద చల్లి, ఆల్కహాలు ఎగిరిపోయేదాకా ఒక నిమిషం ఆగి, ముక్కుకు రెండంగుళాల దూరంలో పట్టుకుని రెండు మూడు క్షణాలు పీల్చండి. పట్టీని ముక్కుకు ఆనించొద్దు. మనసులో మొదట తట్టిన మాట ఏదైనా పట్టీ వెనక రాసేయండి, అది 'ఆసుపత్రి' అయినా 'పిన్ని' అయినా. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు శుభ్రమవుతుందన్నది దుకాణాల ఆనవాయితీ మాత్రమే. పరీక్షించి చూసినప్పుడు మామూలు గాలి కన్నా అది చేసిన మేలేమీ కనిపించలేదు. బయటికి వెళ్లి అయిదు నిమిషాలు నిలబడటం, లేదా సొంత మోచేతి మడతను వాసన చూడటం చాలు. పట్టీల మీద నచ్చిన ఒకటి రెండింటిని మాత్రమే ఒంటిమీద వేయించుకోండి, ఒక్కో చేతికి ఒకటి.

ఆ వెంటనే కొనొద్దు. ఇదే ఎక్కువమంది చేసే తప్పు. ఏ సెంటైనా మొదటి పావుగంట, అరగంట మాట్లాడేది నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు. అవి పోయాక రెండు నుంచి నాలుగు గంటలు పూలూ మసాలాలూ. ఆఖరున మిగిలేవి గంధం, వట్టివేరు, కస్తూరి బాపతు బరువైనవి. దుకాణంలో నచ్చింది మొదటి ఘట్టం, రోజంతా మోయాల్సింది మూడోది. మధ్యాహ్నం భోజనం అయ్యాక మణికట్టు వాసన చూసుకుని, అప్పుడూ బాగుంటే మర్నాడు కొనండి. ఎండల్లో ఈ లెక్క ఇంకా ముదురుతుంది. 40 డిగ్రీలు దాటిన రోజున తేలిక వాసనలు నిమిషాల్లో ఎగిరిపోతాయి, వెనిలా, అంబర్ లాంటి తీపివి గొంతుకు అడ్డం పడతాయి. ఏసీ గదిలో నచ్చిన తీపి సెంటు బస్టాండులో వాంతి తెప్పించడానికి కారణం ఇదే.

ఇక మన ముక్కులకు నిజంగా పనికొచ్చే కొన్నింటి గురించి.

చిరాకు, ఉక్క, పని ఒత్తిడి కలిసిన ఎండాకాలపు మధ్యాహ్నానికి వట్టివేరును మించింది లేదు. ఉత్తరాదివాళ్లు ఖస్ అంటారు. పుదీనాలోని మెంథాల్ చర్మంలో చలిని పసిగట్టే నరాలను నిజంగానే తడుతుంది. వట్టివేరు అలా తట్టదు. అయినా చల్లగా అనిపిస్తుంది. ఎందుకంటే కిటికీలకు కట్టి నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడికల వెనకాల, కుండలో వేసిన వేళ్ల నీళ్లలో, తరతరాలుగా చల్లదనమూ ఆ వాసనా కలిసే వచ్చాయి. చల్లదనం నీటి ఆవిరిది, పేరు వాసనది. ఆ తడికలు ఎరగని పిల్లలకు ఇదే అత్తరు 'మట్టి కంపు' అనిపించడం దుకాణాల్లో రోజూ చూసేదే, వాళ్లకు బలవంతంగా అంటగట్టకూడదు. అసలైన వట్టివేరు తైలాన్ని, అంటే రూహ్ ఖస్‌ను, రాగి పాత్రల్లో బట్టీ పడతారు కాబట్టి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఆవగింజంత చాలు, సాయంత్రం దాకా నిలుస్తుంది. తెల్లచొక్కా మీద మాత్రం రాయకండి.

మల్లె సంగతి జాగ్రత్తగా చెప్పాలి. మల్లె మొగ్గ సాయంత్రం విచ్చుకుంటుంది, కోశాక కూడా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. అందులో ఇండోల్ అనే పదార్థం ఉంది. పిసరంత ఉంటే పువ్వుకు ప్రాణం, ఎక్కువైతే బీరువాలో వేసే కలరా ఉండల వాసన. చవక మల్లె సెంట్లు ఒంటిమీద గంట దాటగానే పాత బట్టల పెట్టె వాసన కొట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అసలు మల్లెలు జడలో ఉన్నప్పుడు మల్లె సెంటు రాసుకోవడం ఇంకో పొరపాటు. పువ్వు గంటగంటకూ మారుతుంది, సీసాలోది తన లెక్కన తాను మారుతుంది, రెండూ పొసగక తలనొప్పి మిగులుతుంది. పూలు పెట్టుకున్న రోజున గంధం అత్తరు ఒక్కటే వాడండి. అది పూల వాసనను పట్టి ఉంచుతుంది, తాను ముందుకు రాదు.

గంధం గురించి రెండు అపోహలు. మొదట వాసన తెలియలేదని 'ఇది పల్చన' అని పక్కన పెడతారు. అసలైన గంధపు నూనెలో ప్రధానమైన శాంటలాల్ బరువైనది, మెల్లగా లేస్తుంది, అరగంట తర్వాత గానీ తన మాట చెప్పదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు, నిద్రపట్టనివాళ్లకు ఇంత నెమ్మదైన వాసన మరొకటి ఇవ్వలేం. రెండోది ఎర్రచందనం. శేషాచలం కొండల ఎర్రచందనానికి గంధపు వాసన ఉండదు. దాని విలువ రంగుకూ చేవకూ. 'రక్తచందనం అత్తరు' అని అమ్మేదానిలో వాసన వేరే చోటి నుంచి వచ్చిందే.

వానమట్టి వాసనను సీసాలో పెట్టింది ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పనివాళ్లు. కాల్చిన మట్టి పెంకులను డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లతో ఉడికించి, ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే కుండలాంటి రాగి పాత్రలోకి పంపి, అందులో ముందే పోసి ఉంచిన గంధపు నూనెలో చల్లారుస్తారు. ఎండిన నేల మీద తొలకరి పడ్డప్పుడు లేచే ఈ వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, పెట్రికోర్ అని పేరు పెట్టారు. వాళ్లు పేరు పెట్టేనాటికే మన దగ్గర సీసాల్లో అమ్ముతున్నారు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉన్న పిల్లలు, ఎక్కువగా అడిగేది దీన్నే. వాళ్లకొక మాట: పొడి చలిలో వాసన లేవదు, కాబట్టి ఒంటికి కాకుండా ఉన్ని శాలువా అంచుకు రాసుకోండి. అక్కడ కొన్ని ఆఫీసుల్లో సెంట్లు నిషేధం, కనుక్కుని వెళ్లండి. బెంగగా ఉన్న రోజున ఇది బెంగ తీరుస్తుందో పెంచుతుందో మనిషిని బట్టి ఉంటుంది. ముందు సెలవు రోజున ఇంట్లో రాసుకుని చూడండి.

చలికాలం ఒంటరితనానికి షమామా అని ఒక అత్తరు ఉంది, ఎన్నో మూలికలూ మసాలాలూ కలిపి రోజుల తరబడి బట్టీ పట్టేది. వెచ్చని శాలువా కప్పినట్టు ఉంటుంది. అందులో పడే రాతిపువ్వు మన బిర్యానీ మసాలాలో పడేదే, అందుకని హైదరాబాదీ ముక్కుకు ఇది ఆకలినీ గుర్తుచేస్తుంది. ఎండాకాలం దీని జోలికి పోవద్దు.

పరీక్ష, ఇంటర్వ్యూ లాంటి గుబులు పుట్టించే రోజుల సంగతి వేరు. అలాంటి రోజున కొత్త సీసా తెరవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆనాటి గుండెదడ ఆ వాసనకు అంటుకుపోతుంది, తర్వాత ఎప్పుడు రాసుకున్నా అదే దడ. దీన్నే తిరగేసి వాడుకోవచ్చు. మీకు ఏ జ్ఞాపకమూ లేని, బొత్తిగా కొత్తదైన తేలికపాటి వాసన ఒకటి ఎంచుకోండి. రెండు మూడు వారాల పాటు దాన్ని మనసు నిమ్మళంగా ఉన్న వేళ మాత్రమే, రోజూ ఒకే సమయంలో, దూదికి ఒక చుక్క వేసి పక్కన పెట్టుకోండి. ఇంకెప్పుడూ తియ్యొద్దు. ఆ తర్వాత పెద్దరోజున అదే దూదిని చిన్న డబ్బాలో జేబులో వేసుకెళ్లి, లోపలికి పిలిచేముందు మూత తీసి రెండుసార్లు పీల్చండి. ఒంటికి రాసుకుంటే పక్కవాళ్లకు ఇబ్బంది, మీకేమో పావుగంటలో ముక్కు అలవాటుపడి తెలియకుండా పోతుంది. దూది అయితే కావలసినప్పుడే పలుకుతుంది. ఇది మందు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. వారాల తరబడి నిద్ర, తిండి పోయిన మనిషికి కావలసింది డాక్టరు.

ఆ అలవాటుపడటమే సెంట్లు అతిగా వాడటానికి మూలం. రాసుకున్నవాళ్లకు తెలియడం మానేస్తుంది, వాసన పోయిందనుకుని మళ్లీ చల్లుకుంటారు, లిఫ్టులో ఉన్నవాళ్లు ఊపిరి బిగబడతారు. అత్తరైతే ఒక్కో మణికట్టుకు నువ్వుగింజంత, స్ప్రే అయితే జానెడు దూరం నుంచి రెండుసార్లు. సీసా మీద ఓ ద పర్ఫ్యూమ్ అని ఉంటే అందులో పరిమళ తైలం సుమారు 15 నుంచి 20 శాతం, ఓ ద టాయ్‌లెట్ అయితే 5 నుంచి 15, కొలోన్ అయితే 2 నుంచి 5. ఆ తేడా చూసి చల్లుకోండి. మళ్లీ వేసుకోవాలా అని పక్క మనిషిని అడగండి, మీ ముక్కును అడగొద్దు. మణికట్లు రుద్దితే వాసన అణువులు నలిగిపోతాయనేది కల్పన. రుద్దిన వేడికి పై వాసన త్వరగా ఎగిరిపోతుంది, అంతే. చెమట మీద ఏ సెంటూ పనిచేయదు, స్నానం చేసి ఒళ్లు ఆరాక రాసుకోవాలి. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్లు, పసిబిడ్డలు ఉన్న ఇంట్లో సీసా మూత తీయకపోవడమే మర్యాద.

చర్మం సంగతి ఇంకా ముఖ్యం. పిండి తీసిన నిమ్మ, నిమ్మ జాతికే చెందిన బెర్గమోట్ తైలాలు మెడమీద రాసుకుని ఎండలోకి వెళ్తే చుక్కలు కారినచోట నల్లటి చారలు పడతాయి, నెలల తరబడి పోవు. అలాంటివి లోపలి బట్టలకే. పట్టుచీర మీద అత్తరు నూనె మరక పోదు. ముత్యాలు వేసుకునేముందే స్ప్రే చల్లుకుని ఆరనివ్వాలి, ఆల్కహాలు పడితే ముత్యం మెరుపు పోతుంది. పూజగదిలో దీపం దగ్గర స్ప్రే చల్లకూడదు, అది మండే సరుకు. కొత్తది ఏదైనా మోచేతి లోపలి మడతలో చుక్క రాసి రెండు రోజులు చూడండి. లావెండర్‌లో సహజంగా ఉండే లినలూల్ గాలి తగిలి పాతబడితే దురద పుట్టిస్తుంది. సహజమైనది కాబట్టి హాని చేయదనుకోవడం సరికాదు. సగానికి తక్కువ మిగిలిన సీసాను ఏళ్లపాటు దాచుకోవద్దు. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన సీసా ఒక్క ఎండాకాలంలో పాడైపోతుంది.

చివరగా మీ పత్రిక పట్టించుకోవాల్సిన విషయం. చార్మినార్, పత్తర్‌గట్టి దగ్గరే కాదు, ఇప్పుడు ప్రతి పట్టణంలో అత్తరు విడిగా తులాల లెక్కన అమ్ముతున్నారు. తులం అంటే సుమారు 12 మిల్లీలీటర్ల సీసా. గంధపు నూనె ధర పెరిగాక దాని బదులు లిక్విడ్ పారఫిన్, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే డీఓపీ కలపడం మొదలైంది. కిలో గులాబి తైలానికి మూడున్నర, నాలుగు వేల కిలోల రేకలు కావాలి. వందరూపాయల 'అసలైన రూహ్ గులాబ్' ఎలా వస్తుందో లెక్కవేసుకోవచ్చు. రసాయనంతో చేసిన గులాబి వాసన తప్పు కాదు, మనసు దాన్నీ గులాబిగానే గుర్తుపడుతుంది. అసలైనదని చెప్పడమే తప్పు. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం సీసా మీద తయారీదారు చిరునామా, బ్యాచ్, గడువు, పదార్థాలు ఉండాలి. విడిగా పోసిచ్చే సీసాకు ఇవేవీ ఉండవు. లేబుల్ ఉన్నవాటిలోనూ వాసన పదార్థాలన్నీ 'ఫ్రాగ్రెన్స్' అన్న ఒక్క మాటలో సర్దేస్తారు. యూరప్‌లో దురద పుట్టించే 26 పదార్థాలను విడిగా రాయాలని చాలాకాలంగా నిబంధన ఉంది, 2023లో ఆ జాబితాను 80 దాటించారు.

దుకాణదారులకు మా మనవి: పావు తులం, అంటే 3 మిల్లీలీటర్ల సీసాలు ఉంచండి, దానిమీద నింపిన తేదీ, కలిపిన నూనె పేరు రాయండి. చేతిరాత అయినా ఫరవాలేదు. కొనేవాళ్లు తులం కొనేముందు ఆ చిన్న సీసాతో ఒక వారం గడపండి, పని ఉన్న రోజు, సెలవు రోజు, నిద్ర చాలని రోజు. పత్రికవారికి మనవి: వచ్చే పెళ్లిళ్ల సీజనులో 'ఏ మూడ్‌కు ఏ సెంటు' పట్టిక వేసే చోట, పాఠకులు తమ వాసనలు తామే రాసుకునేలా పది ఖాళీ గడులు అచ్చువేయండి.

భవదీయుడు,
అత్తర్ల వ్యాపారంలో ఉన్న ఒక పాఠకుడు,
హైదరాబాద్